కుట్టుపని అద్దం ఏది?

మా ఇంట్లో కళ్ళజోడుకి మూడు పేర్లు. అవ్వ 'కండ్లద్దాలు' అంటుంది. ఊత్తుకోట బడిలో తమిళం చదువుకున్న నాన్న 'మూక్కుకణ్ణాడి' అంటాడు, అంటే ముక్కు అద్దం. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు నోటికి మొదట వచ్చేది 'కన్నడక'. పొద్దున్నే అందరం ఒకే వస్తువు కోసం వెతుకుతూంటే, ఇంటికి వచ్చినవాళ్ళకి మూడు వస్తువులు పోయాయేమో అనిపిస్తుంది.

పోయిన సంక్రాంతికి ఇంట్లోకి ఇంకో రకం వచ్చింది. బెంగళూరులో ఉండే చిన్నాన్న కొడుకు ఆదివారాలు సైకిల్ తొక్కుతాడు. దానికోసం ఒక కళ్ళజోడు కొన్నాడు. ఫ్రేము ఒకటే, డబ్బాలో అద్దాలు మాత్రం మూడు జతలు. ఎండకి నల్లవి, మామూలు వేళకి తెల్లవి, మబ్బు పట్టినప్పుడు పసుపువి. చిటుక్కుమని ఊడొస్తాయి, చిటుక్కుమని కూర్చుంటాయి. క్రికెట్ ఆడేవాళ్ళకీ సైకిల్ పందేలవాళ్ళకీ ఓక్లీ లాంటి కంపెనీలు ఎప్పటినుంచో ఇలాంటివి అమ్ముతున్నాయట. పిల్లలందరూ తలా ఒకసారి పెట్టుకుని చూశారు. అమ్మ డబ్బా మొత్తం తిప్పి చూసి, "బాగుంది గానీ నాయనా, దీంట్లో కుట్టుపని అద్దం ఏది?" అని అడిగింది.

వాడు నవ్వాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలంటే అంతకుముందు ఏడాది సంగతి చెప్పాలి.

అమ్మకి అప్పుడు అరవై. ముప్పై ఏళ్ళుగా వీధిలో వాళ్ళకి జాకెట్లు కుడుతుంది. టౌనులో ఒక పెద్ద షాపులో, దూరానికీ దగ్గరికీ ఒకే జోడు చాలని చెప్పి 11,000 రూపాయలకి ప్రోగ్రెసివ్ అద్దాలు ఇచ్చారు. ఆ అద్దంలో పైభాగం దూరానికి, కిందిభాగం చదువుకి, మధ్యలో సన్నటి దారి లాంటిది నడిమి దూరాలకి. పక్కలకి చూస్తే మసక. వీధిలో నడిచేవాళ్ళకి, ఆఫీసులో కూర్చునేవాళ్ళకి అది బాగానే పనికొస్తుంది, మాకు తెలిసినవాళ్ళలో చాలామంది సుఖంగా వాడుతున్నారు. కానీ మిషను సూది ఉండేది ఆ సన్నటి దారిలో. సూదిని చూడాలంటే అమ్మ గడ్డం పైకెత్తాలి, గుడ్డ అంచు చూడాలంటే తల పక్కకి తిప్పాలి. మెడ పట్టేసింది. చంక దగ్గర కుట్టు తప్పి ఒకామె జాకెట్టు వెనక్కి తెచ్చింది. షాపువాళ్ళని అడిగితే "అలవాటవుతుందమ్మా" అన్నారు. ఆ దీపావళికి అమ్మ జాకెట్లు పట్టలేదు. "కండ్లు ఆనల్యా, ఇంగ చాలు" అని మిషను మీద దుప్పటి కప్పేసింది.

నిజానికి ఇందులో లెక్క చాలా చిన్నది. దగ్గరివాటికి సర్దుకునే శక్తి కంటికి నలభై దాటాక బాగా తగ్గుతూ వస్తుంది, అరవైకి దాదాపు ఏమీ మిగలదు. అప్పుడు దూరపు చూపు బాగున్న మనిషికి ఎంత పవరు కావాలో తెలియాలంటే, 100ని ఆ పని ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో దానితో భాగించాలి. పేపరు 40 సెంటీమీటర్లలో పట్టుకుంటే +2.5. 50 అయితే +2. 66 అయితే +1.5. మీటరు దూరమైతే +1. పరీక్ష చేసేవాళ్ళు మామూలుగా చదివే దూరానికి రాసిస్తారు. మన అమ్మలు, అవ్వలు రోజంతా చేసేది చదవడం కాదు కదా.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అక్కడ ఏది చేతికొచ్చినా మొదట అడిగేది, దీన్ని వాడేది ఎవరు, ఏ పనికి అని. ఆ అలవాటుతోనే అమ్మ కుట్టు టేపు తీసుకుని ఇల్లంతా కొలిచాం. మిషను సూది 50. కాజాలు, హుక్కులు చేత్తో కుట్టేటప్పుడు 33. చేటలో బియ్యం ఏరేటప్పుడు 55. పొయ్యి మీద గిన్నె 65. వంగి ముగ్గు వేసేటప్పుడు 90. అన్నీ 'దగ్గరి చూపు' పనులే! లెక్క కట్టి చూస్తే +3 దగ్గర మొదలై +1 దగ్గర ఆగుతోంది.

తాత కాలంలో ఇంత లెక్క లేదు గానీ ఉపాయం ఉండేది. ఆయనకి శుక్లాలు తీసిన రోజుల్లో కంట్లో వేరే లెన్సు పెట్టేవాళ్ళు కాదు. తీసేసిన లెన్సుకి బదులు సీసా అడుగు లాంటి లావు అద్దాలు, +10 అటూ ఇటూ, ముక్కు మీదికి వచ్చేవి. సరిగ్గా అయితే అలాంటివాళ్ళకి దూరానికి ఒక జోడు, చదువుకి ఇంకో జోడు కావాలి. తాతకి ఉన్నది ఒక్కటే. ఉత్తరం చదవాలంటే దాన్ని ముక్కు కొస దాకా జార్చేవాడు. ప్లస్ అద్దం కంటికి దూరంగా జరిగితే దాని బలం పెరిగినట్టే పనిచేస్తుంది, అంత లావు అద్దానికి వేలెడు జరిపినా తేడా తెలుస్తుంది. అద్దం మార్చకుండా పవరు మార్చడమన్నమాట. తాత జోడు జార్చి చూస్తే కోపం వచ్చిందేమో అని భయపడేవాళ్ళం. పాపం, ఆయన చదువుకుంటూ ఉండేవాడంతే.

బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కీ ఇదే బాధ. ప్రయాణంలో చదవడానికి ఒక జోడు, దారిలో దృశ్యాలు చూడటానికి ఒక జోడు పెట్టుకుని మాటిమాటికీ మార్చుకోలేక విసిగిపోయి, రెండు రకాల అద్దాలనీ సగానికి కోయించి ఒకే ఫ్రేములో పైనా కిందా పెట్టించుకున్నానని 1785లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. చిన్నాన్న కొడుకు డబ్బాలో ఉన్నది ఆయన వదిలించుకున్న పనే, మళ్ళీ చేతికి వచ్చింది.

అసలు అద్దాలు మార్చే కళ్ళజోడు మనందరం ఒకసారైనా పెట్టుకున్నాం. కంటి పరీక్షలో ముక్కు మీద పెట్టే బరువైన గుండ్రటి ట్రయల్ ఫ్రేము అదే. పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి దాంట్లో వేస్తూ "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతారు. మా అవ్వకి అది పెట్టిన కథ కూడా చెప్పాలి.

ఒక క్యాంపులో అవ్వని కూర్చోబెట్టి, దూరం చూపు చూశాక, చేతికి చదివే కార్డు ఇచ్చారు. కార్డు తమిళంలో ఉంది. అవ్వ తమిళం మాట్లాడితే తెలుగు మనిషని ఎవరూ పట్టలేరు, సంతలో బేరం అంతా తమిళంలోనే. కానీ చదవడం వచ్చింది తెలుగు అక్షరం ఒక్కటే, అదీ పెళ్ళికి ముందు నాగలాపురం వైపు పుట్టింట్లో నేర్చుకున్నది. "చదవండి పాట్టీ" అంటే అవ్వ సిగ్గుపడి "తెలీదు" అంది. ఆ అబ్బాయి అద్దం మార్చాడు. మళ్ళీ "తెలీదు". ఇంకా మందంగా ఉన్నది వేశాడు. చివరికి +3.5 రాసి పంపేశాడు. ఆ అద్దాలతో చదవాలంటే పుస్తకం ముఖానికి ఇంకా దగ్గరగా పట్టుకోవాలి. అవ్వ ఆరు నెలలు పంచాంగం ముట్టలేదు. తిథి కావాలంటే మమ్మల్ని ఫోన్లో అడిగేది, మేమేమో అది యాప్‌లో చూసి చెప్పేవాళ్ళం. ఆ ఇంట్లో పంచాంగం చదివేది ఆమె ఒక్కతే. ఏకాదశి ఎప్పుడు, పెద్దల తిథి ఎప్పుడు అని చుట్టుపక్కల నాలుగిళ్ళ తెలుగువాళ్ళు అడిగేదీ ఆమెనే. చూపు పోయిందనుకుని అందరూ అడగడం మానేశారు.

తరువాత పరీక్షకి చెన్నై తీసుకెళ్ళినప్పుడు సంచిలో పంచాంగం పెట్టుకుని వెళ్ళాం. కార్డు పక్కన పెట్టి, అవ్వ ఒళ్ళో పంచాంగం పెట్టమని అడిగాం. పరీక్ష చేసే అమ్మాయి నవ్వి ఒప్పుకుంది. అవ్వ పుస్తకం పట్టుకునే దూరం 36 సెంటీమీటర్లు. +2.75 వేసేసరికి "త్రయోదశి, రేవతి" అని గడగడా చదివింది. అవ్వ చూపుకి వచ్చిన జబ్బేమీ లేదు.

విడి అద్దాల పద్ధతి మీద మాకు చిన్నచూపు లేదు. పేదవాళ్ళకి అది చేసే మేలు వేరే. ఎస్సిలార్ కంపెనీ 'రెడీ టు క్లిప్' అని ముందే కోసి పెట్టిన అద్దాలు చేస్తుంది. ఫ్రేము ఎంచుకుని, కుడికైనా ఎడమకైనా నొక్కి బిగించి అక్కడికక్కడే ఇచ్చేయవచ్చు. అద్దం అరగదీసే మిషను అక్కర్లేదు, వారం తరవాత మళ్ళీ రమ్మనే పనిలేదు. కూలి మానుకుని రెండోసారి బస్సెక్కలేని మనిషికి ఇది పెద్ద సంగతి. జర్మనీలో మార్టిన్ ఆఫ్‌ముత్ అనే లెక్కల మాస్టారు 2012లో మొదలుపెట్టిన 'వన్ డాలర్ గ్లాసెస్' కూడా ఇదే దారి: స్ప్రింగు తీగతో చేత్తో వంచిన ఫ్రేము, దాంట్లోకి నొక్కే అద్దాలు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరి చూపు అద్దాలిచ్చి చూస్తే, ఇవ్వనివాళ్ళ కన్నా ఆకు కోత దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. చేసే పని దూరానికి తగిన అద్దం ఉంటే కూలి డబ్బుల్లోనే తేడా తెలుస్తుంది.

సిలిండర్ పవరు ఉన్నవాళ్ళకి మాత్రం ఇది చిక్కు. ఆ అద్దం ఒక కోణంలోనే నిలబడాలి, కొంచెం తిరిగినా చూపు చెదురుతుంది. ట్రయల్ ఫ్రేము పక్కన చిన్న మరలు ఉండేది ఆ కోణం తిప్పి చూడటానికే.

అమ్మకి సిలిండర్ లేదు. అందుకని, సంక్రాంతి వెళ్ళాక చిన్నాన్న కొడుకు ఫ్రేములోనే రెండు జతలు వేయిద్దామనుకున్నాం, +2 మిషనుకి, +3 కాజాలకి. నెల రోజులు అలాగే నడిచింది. అమ్మ వేళ్ళకి ఎప్పుడూ మిషను నూనో కొబ్బరినూనో ఉంటుంది. మార్చిన ప్రతిసారీ అద్దం మీద వేలిముద్ర, తుడవడానికి జాకెట్టు ముక్క, దాంతో గీతలు. ఒకరోజు +3 అద్దం బియ్యం చేటలో పడి, వెతకడానికి కండ్లద్దాలు లేక, పక్కింటి పాపని పిలవాల్సి వచ్చింది. చివరికి చవకైన ఫ్రేములు రెండు, ఎర్రది మిషనుకి, నల్లది చేతికుట్టుకి. ఎర్రది మిషను చక్రానికి తాడుతో కట్టేసి ఉంటుంది. మొన్న ఆడి మాసంలో అమ్మ మళ్ళీ పద్దెనిమిది జాకెట్లు కుట్టింది. సైకిల్ తొక్కేటప్పుడు మార్చుకునేది పాతికేళ్ళ వేళ్ళు, ఆ తేడా కంపెనీలు గుర్తుంచుకుంటే బాగుండు.

మిగిలింది నాన్న. ఆయనకి పసుపు అద్దాలు తెగ నచ్చాయి. నెలకి రెండుసార్లు ప్రదోషానికి సురుటుపల్లి పళ్ళికొండేశ్వరుడి గుడికి మోపెడ్ మీద వెళ్తాడు. దూరం కొంచెమే. రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీద అక్షరం మారుతుంది, అంతే. కానీ అది తిరుపతి రోడ్డు. చీకటి పడ్డాక లారీలు, బస్సులు వరసగా ఎదురొస్తాయి. పసుపు అద్దం పెట్టుకుంటే లైట్లు కంట్లో కొట్టడం లేదని, లోకమంతా వెలుగ్గా ఉందని ఆయన మాట. మాకు అక్కడే భయం వేసింది. అమెరికాలో డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చేసిన పరీక్షలో, రాత్రి పూట పసుపు అద్దాల వల్ల దారిలో మనుషులు ముందుగా కనపడటమేమీ జరగలేదని 2019లో తేలింది. రంగు అద్దం వెలుతురుని కొంత మింగుతుంది గానీ పెంచదు. పైగా అరవై ఏడేళ్ళ మనిషికి లైటు కంట్లో కొడుతోందంటే చూడాల్సింది అద్దాన్ని కాదు, కంటిని. రెండు నెలలు వాదన నడిచింది. "నాకు దారి తెలీదా ఏంరా" అని ఒకటే మాట. ఆఖరికి అవ్వ గదమాయిస్తే చెన్నై వచ్చాడు. రెండు కళ్ళలోనూ శుక్లం, కుడివైపు ఎక్కువ.

ఇప్పుడు తాత నాటి సీసా అద్దాలు అక్కర్లేదు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లోనే లెన్సు పెట్టి చూపించాడు. 1992లో మదురైలో అరవింద్ వాళ్ళ ఆరోల్యాబ్ వచ్చి ఆ లెన్సుని మనలాంటివాళ్ళకి అందేలా చేసింది. అయితే మామూలు లెన్సు ఒక్క దూరానికే స్పష్టంగా ఉంటుంది. రెండు మూడు దూరాలకి పనికొచ్చేవీ ఉన్నాయి, కానీ కొందరికి రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనపడతాయట. ఇది డబ్బాలో పెట్టుకుని పూటకొకటి మార్చే అద్దం కాదు. ఒకసారి పెట్టారంటే ఉండిపోయేదే.

డాక్టరు ఫైలు మూసి నాన్న వైపు తిరిగి, "మీరు రోజులో ఎక్కువగా ఏ పని చేస్తారు?" అని తమిళంలో అడిగారు. అంతకుముందు ఇంట్లో ఎవరినీ ఏ షాపులోనూ ఆ ప్రశ్న అడగలేదు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. బస్సు బోర్డు, లారీ లైటు ఒకవైపు. పొద్దున్నే గంటసేపు తమిళ పేపరు, సాయంత్రం మనవడి హోంవర్కు ఇంకోవైపు. "ఆలోచించి చెప్తా" అని లేచాడు.

ఆపరేషన్ పొంగల్ తరవాత. ఇంకా తేల్చలేదు. రెండు రోజులుగా అమ్మ టేపు కనపడటం లేదంటే వెతికాం, నాన్న జేబులో ఉంది. ప్రదోషానికి మాత్రం ఆటోలో వెళ్తున్నాడు, మోపెడ్ తాళం అవ్వ దగ్గర ఉంది.