ఎక్స్‌ఎంఎల్ పుస్తకానికి మూడు పరీక్షలు

ప్రోగ్రామింగ్ పుస్తకం కొనేముందు మనం చూసేదేంటి? స్టార్ రేటింగ్, అట్ట మీద 'సంపూర్ణ గైడ్' అన్న మాట. అవి చాలవు.

మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే మా పిన్ని కొడుకు, ఓ పుస్తకం శాంపిల్ పేజీలు వాట్సాప్‌లో పంపాడు. "అన్నా, ఎక్స్‌ఎంఎల్ నేర్చుకోనీకి ఇది మంచిదేనా? కొంటే ఈ నెల ఖర్చు పైసలు అటే పోతయ్" అన్నాడు. ఇద్దరం కలిసి మూడు పరీక్షలు పెట్టాం.

ఒకటి, భాష. ఎక్స్‌ఎంఎల్‌లో 'జిల్లా', 'మండలం' అని తెలుగులోనే ట్యాగులు పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్‌లోనే ఉండాలని రాసిన పుస్తకాన్ని అక్కడే మూసేయొచ్చు. యూనికోడ్, యూటీఎఫ్-8 గురించి ఉందా లేదా చూడాలి. లేకపోతే, రేపు మన ఫైల్‌లో 'జనగామ' బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఎవర్ని అడుగుతాం? మావాడి పుస్తకంలో ఉంది. పాస్.

రెండు, తప్పులు. వెబ్‌పేజీలో ఓ ట్యాగ్ మూయకపోయినా బ్రౌజర్ సర్దుకుపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ దయ లేదు, తప్పు దొరికిన చోటే ఆగిపోవాలన్నది నియమం. అందుకే కావాలని ట్యాగ్ చెడగొట్టించి, వచ్చిన ఎర్రర్‌ని చదివించే పుస్తకం మంచిది. ఇందులోనూ పాస్.

మూడోదే అసలుది. మాది జనగామ. 2016 అక్టోబర్ 11కి ముందు మాది వరంగల్ జిల్లా. మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలూ అంతే. ములుగు 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. ఇవాళ ఫైల్‌లో జనగామని వరంగల్ జిల్లా కింద రాసినా ట్యాగులన్నీ సరిగ్గా ఉంటే కంప్యూటర్ నోరు మెదపదు. ఫైల్ రూపం సరిగ్గా ఉండటం వేరు, స్కీమా పెట్టిన నియమాలు పాటించడం వేరు, అందులోని మాట నిజం కావడం వేరు. ఈ తేడా చెప్పే పేజీ మాకు కనిపించలేదు.

"వ్యాకరణానికి పనికొస్తది. సెకండ్ హ్యాండ్‌ల దొరికితే తీస్కో" అన్నాను. ఎక్స్‌ఎంఎల్ 1.0 వచ్చింది 1998లో. మూల నియమాలు పెద్దగా మారలేదు కాబట్టి, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికే పాత పుస్తకమైనా వాటికి చాలు.

మూడో పాఠం మాత్రం ఎక్కడున్నా వెతుక్కుని చదవండి. స్కాలర్‌షిప్ ఫైల్‌లో జిల్లా తప్పు పడితే, సరిచేయించుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఎవరో ఒక స్టూడెంటే.