మీది ఏ ఊరు?

పలాస కిడ్నీ ఆసుపత్రి చూసి రాయమని ఎడిటర్ పంపారు. 2023 డిసెంబరులో ప్రారంభమైన ఆ 200 పడకల భవనం గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. నేను మాత్రం కాశీబుగ్గలో, జీడిపప్పు పొర వలిచే ఒకావిడ దగ్గర కూలబడిపోయాను. టెక్కలిలో నాతో చదువుకున్న మిత్రుడికి మేనత్త ఆమె.

చిన్న చాకు, బొటనవేలు. పప్పు విరగకుండా పొర ఊడాలి. బద్దయితే ధర పడిపోతుంది. ఆమె వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. పొద్దున్నే పిడికిలి బిగియదట. నాలుగు మాటలకోసారి చెంబెత్తి నోరు తడుపుకుంటోంది.

"కళ్లలో ఇసక పోసినట్టుంటాది బాబూ. ఆసుపత్రిలో క్రియాటిన్ పెరిగిందన్నారు. మీది ఏ ఊరని అడిగినారు. కవిటి అన్నాను. ఇంకేటీ అడగలేదు, ఉద్దానం జబ్బని రాసీసినారు."

ఉద్దానం జబ్బు అబద్ధం కాదు. ఉద్దానమంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు... కిడ్నీ పోయినవాళ్లు లేని వీధిని ఇక్కడ వెతుక్కోవాలి. షుగరు లేకుండా, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండా, కిడ్నీలోని సన్నగొట్టాల చుట్టూ కణజాలం మచ్చకట్టి గట్టిపడిపోతుంది. నీళ్లా, ఎండదెబ్బా, పురుగుమందా? ఇన్నేళ్లకీ తేలలేదు. కారణం తేలని జబ్బుని ఊరి పేరు విని ఖాయం చెయ్యడమేమిటి?

ఇలాగే నోరూ కళ్లూ ఎండగట్టే షోగ్రెన్ అని ఇంకో జబ్బుంది. ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద పడుతుంది. కిడ్నీకి పాకితే అది కూడా ఎక్కువగా ఆ గొట్టాల దగ్గరే చేరుతుంది. అదే కోవకి చెందిన కీళ్లవాతమో లూపసో దానికి తోడవడమూ కద్దు. లూపస్ అయితే వడపోసే రక్తనాళాల ఉండల్ని పడుతుంది, మూత్రం నురగ కడుతుంది. మూత్రపరీక్ష, ఏఎన్ఏ రక్తపరీక్ష, అవసరమైతే బయాప్సీ చేస్తే చాలావరకు విడదీసి చూడొచ్చు. ఉద్దానం జబ్బుని వెనక్కి తిప్పే మందు లేదు. వీటికి స్టిరాయిడ్లున్నాయి, లూపస్‌కి మైకోఫినోలేట్ ఉంది. వేళకి పడితే కిడ్నీ నిలబడొచ్చు. కవిటిలో పుట్టిన పాపానికి ఆ అవకాశం పోవాలా?

ఈమెది షోగ్రెనే అనడానికి నేను డాక్టర్ని కాను. అడగాల్సింది అడగలేదనే నా మంట.

"నోరెండిపోతాదని వాళ్లకి చెప్పలేదా అమ్మా?"

"సెప్పినాను బాబూ. నీళ్లు తాగమన్నారు." మళ్లీ చెంబెత్తింది.