తాలు ఏరుచున్న చేతులు

డోర్నకల్ ప్రాంతపు పల్లెలలో సామాజిక పరిశోధన పేరిట జరుగుచున్న పనిని కన్నులార చూచి వ్రాయవలసినదని సంపాదకులు కోరగా, కాజీపేటలో రైలెక్కి, కొత్తగూడెము, మణుగూరు బొగ్గుగనుల వైపు శాఖామార్గము చీలిపోవు ఆ జంక్షనులో దిగితిని. స్థానికుడైన మిత్రుడు నన్ను ముందుగా ఎపిఫనీ కెథెడ్రలునకు తోడుకొని పోయెను. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమున హిందూ మంటపముల స్తంభములును మహమ్మదీయ కట్టడముల గుమ్మటములును కలిసి నిలుచుట చూచినవారికి, దానిని సంకల్పించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఈ దేశపు కట్టడములను ఎంత ఆదరముతో పరికించెనో తెలియగలదు. 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నందిన తొలి భారతీయుడాయన. అంతకు రెండేండ్ల ముందు, ఎడిన్‌బరో మహాసభలో పాశ్చాత్యుల యెదుట నిలిచి, మీ సేవయు మీ త్యాగమును చాలవు, సమానులుగా మాతో స్నేహము చేయవలెనని నిర్భయముగా పలికినవాడు. ఆయన కోరినది మతప్రచారకులకే గాక, కాగితము చేతపట్టి పల్లెకు వచ్చు ప్రతివానికిని చెందునని ఆ మధ్యాహ్నమే నాకు తోచెను.

అచటినుండి మేము పోయిన లంబాడీ తండాలో కల్లముల నిండ మిర్చి ఎండుచుండెను. ఒక వృద్ధురాలు రాశి ప్రక్కన కూర్చుండి తాలు ఏరుచుండెను. చూపు పడుటయు చేయి తీయుటయు ఏకకాలమున జరుగుచుండగా, రంగు తప్పి తెల్లబారిన కాయ ఎడమ ప్రక్కకును, నిగ్గుగల కాయ కుడి ప్రక్కకును పోవుచుండెనే గాని, ఆ వ్రేళ్ళు ఒక్కమారైనను తడబడుట నేను చూడలేదు. ఏండ్ల తరబడి ఘాటు పట్టి ఆ వ్రేళ్ళ కొనలు పగిలి యుండెను. బొటనవ్రేలికి మాత్రము నీలిసిరా అంటియున్నది. ఆంగ్లమున అచ్చైన అంగీకారపత్రముపై అప్పుడే ముద్ర వేయించిరి.

పరిశోధన కొరకు వివరములు సేకరించుచు ఎదుట కూర్చున్న యువతి టాబ్లెట్ చూచుచు అడిగెను: “అవ్వా, మిర్చి ఎన్ని క్వింటాళ్ళు అయింది?”

“తాలు కలిపి చెప్పాల్నా, తీసి చెప్పాల్నా?”

“మొత్తం చెప్పవ్వా.”

“మొత్తం ఒక్క ధర పలుకుతదా బిడ్డా? పోయినేడు వచ్చినోళ్లు గూడ గిట్లనే అడిగి రాసుకపోయిండ్రు. ఏం రాసిండ్రో ఒక్కనాడన్న మాకు సదివి వినిపియ్యలే.”

ఆ పిల్లను నేను నిందింపను. ప్రశ్నలు కూర్చినది ఆమె కాదు, ప్రొద్దు గ్రుంకులోగా ముగింపవలసిన ఇండ్లు ఆమెకు ఇంకను మిగిలియున్నవి. కాని రైతుకు ఆ యేడు మిగిలినదో మునిగినదో నిర్ణయించు తాలునకే పత్రములో గడి లేనప్పుడు, ఆ పత్రము నుండి పుట్టు నివేదిక ఎంత పెద్దదైనను ఎవరికి ప్రయోజనము? అడుగుటకు ముందు పల్లెను సంప్రదింపనివారు, వ్రాసిన పిదప పల్లెకు చదివి వినిపింపనివారు, పరుల కష్టము నుండి లెక్కలు తీసికొని పోవుచున్నారనియే నేను చెప్పుదును.

ఇట్లు గాక నడచినవారు మన గడ్డపైననే కలరు. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము తరఫున మానవశాస్త్రజ్ఞుడు శ్యామాచరణ్ దూబే షామీర్‌పేట గ్రామమును అధ్యయనము చేసినపుడు, ఆయన వెంట వైద్య, వ్యవసాయ, పశువైద్య విభాగములవారును వెళ్ళి, ఒకవంక అడుగుచు ఒకవంక ఊరికి ఉపయోగపడిరి. అంతకు పూర్వము ఆదిలాబాదు గోండుల జీవితమును వ్రాసిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్, గ్రంథరచనతో తన పని తీరినదని తలపక, వారి భూముల హక్కుల కొరకు నిజాం ప్రభుత్వముతో వాదించి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకొనెను.

నాకు అన్నిటికంటె మేలనిపించునది ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆరంభమైన ఈ పద్ధతిలో, కూలీల కుటుంబములకు చెందిన చదువుకొన్న యువతీయువకులే ఇల్లిల్లు తిరిగి మస్టరు అను హాజరుపట్టీలోని పేర్లను, పనిదినములను, ముట్టిన కూలిని సరిచూచి, కనుగొన్నదానిని గ్రామసభలో బిగ్గరగా చదువుదురు. పిమ్మట మండల ప్రజావేదికలో అధికారుల సమక్షమున మరల చదువుదురు. తాను చెప్పనిది వ్రాసియున్నచో కరువుపనికి పోయిన కూలి లేచి కాదనగలడు. ఇట్లు లేచి కాదనగల హక్కు విశ్వవిద్యాలయముల పరిశోధనలో పల్లెవానికి ఏల లేకపోవలెను? నివేదిక అచ్చునకు పోకముందే తెలుగున వ్రాసి, తండాలలో లంబాడీల భాషయైన గోర్‌బోలీ ఎరిగినవారిచే చెప్పించి, గ్రామసభలో సవరణలు కోరుటకు పట్టు వ్యయము ఎంత? ధనమిచ్చు సంస్థలు ప్రయాణవ్యయములకు పద్దు కేటాయించునట్లే దీనికిని కేటాయింపవలెను.

యువతి టాబ్లెట్ మూసిన పిదప, ఏమేమి అడిగియుండిన బాగుండునని నేను వృద్ధురాలిని అడిగితిని. చేతులు ఆపకయే ఆమె చెప్పెను: “కౌలు ఎంత కట్టినవని అడుగుమను. మందుల దుకాణంల అప్పుకు మిత్తి ఎంతైతుందో అడుగుమను. అమ్మెతప్పుడు సంచికి ఎంత తరుగు తీస్తున్నరో గది అడుగుమను.”

యువతి సంచిలోనుండి నోటుపుస్తకము తీసి, మూడు ప్రశ్నలను వ్రాసికొని, నాలుగవదిగా తాలును చేర్చెను.