స్టెప్నీ

మా నాయన ఆర్టీసీ కండక్టరు. ముప్పై ఏళ్లకు పైగా నంద్యాల, ఆళ్లగడ్డ రోడ్డు మీదే ఆయన ఉద్యోగం గడిచింది. ఉన్నది నలభై కిలోమీటర్ల దూరమే అయినా రోజుకు ఎన్నిసార్లు తిరిగేవాడో లెక్క లేదు. కండక్టరు సీటు ఒకటుండేది గానీ అందులో ఎప్పుడూ ఏ ముసలమ్మో, చంటిబిడ్డ తల్లో కూర్చుని ఉండేది. అహోబిలం బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే ఇక చెప్పక్కర్లేదు. నాయన ఒంటికాలి మీద నిలబడి టిక్కెట్లు కొట్టేవాడు.

ఆళ్లగడ్డ అనగానే అందరికీ శిల్పులు గుర్తొస్తారు. మా వీధిలోనూ పొద్దున్నుంచీ ఉలి చప్పుడే. వాళ్లది కూర్చుని చేసే పని, నాయనది నిలబడి చేసే పని. సాయంత్రం ఇంటికొచ్చి ప్యాంటు పైకి మడిచి అరుగు మీద కూర్చుంటే, కుడికాలి పిక్క మీద వానపాములు చుట్టుకున్నట్టు నీలంగా నరాలు తేలి కనిపించేవి. నా స్నేహితురాళ్లు ఇంటికొస్తే, "నాయనా, ప్యాంటు దించుకో" అనేదాన్ని. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మనం నరం అంటాం గానీ నిజానికి అది సిర, అంటే చెడు రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టం. కాలి లోపలివైపు, చర్మం కిందనే ఉండే ఈ పెద్ద సిర మన ఒంట్లోకెల్లా పొడవైనది. పాదం మీద మొదలై, లోపలి చీలమండ ఎముకకు ముందు నుంచి పైకెక్కి, మోకాలి లోపలి పక్కగా, తొడ మీదుగా సాగి, గజ్జల దగ్గర లోతుగా ఉన్న పెద్ద సిరలో కలుస్తుంది. రక్తం కిందికి జారకుండా దారి పొడవునా చిన్న చిన్న కవాటాలుంటాయి. పైకి తెరుచుకునే తలుపులన్నమాట. మనం నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే ఆ తోపుడు ఉండదు. ఒక్కసారి తలుపులు పాడైతే రక్తం కిందికి జారి, సిర ఉబ్బి, మెలికలు తిరుగుతుంది.

నాయనకూ అదే జరిగింది. మొదట సాయంత్రం పూట బరువు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. తర్వాత చీలమండ పైన చర్మం నల్లబడి దురద పెట్టింది. "ఏం గాదులేమ్మా, నిలబడే పని గదా" అంటూనే ఏళ్లు గడిపేశాడు. 2009లో ఆ నల్లటి చోట పుండు పడి, ఎన్ని పూతలు పూసినా మానకపోతే అప్పుడు నంద్యాలలో సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన కుడికాలి సిరకు ఆపరేషన్ చేసి తీసేశారు. పుండు మానింది.

"సిర తీసేస్తే రక్తం ఎట్ల పోతుంది సార్?" అని అమ్మ భయపడింది. కాలి రక్తంలో సుమారు 90 శాతం కండరాల లోపలున్న లోతు సిరల గుండానే వెళ్తుందనీ, అవి బాగుంటే పైదాన్ని తీసినా నష్టం లేదనీ డాక్టరు చెప్పారు. అమ్మకు ధైర్యం వచ్చింది. వెంటనే, "అయితే ఎడమకాలిది గూడా తీసేయండి సార్. రేపు అదీ ఉబ్బుతాదేమో" అంది.

డాక్టరు గట్టిగా తల అడ్డంగా ఊపారు. "బాగున్నదాన్ని ముట్టుకోనమ్మా. రేపు గుండెకు బైపాస్ చేయాల్సొస్తే ఈ సిరే కావాలి. ఉబ్బి మెలికలు తిరిగింది అందుకు పనికిరాదు" అన్నారు.

నాయన నవ్వాడు. "అంటే ఇది స్టెప్నీ అన్నమాట సార్!"

ఆ రోజు నుంచి ఎడమకాలికి స్టెప్నీ అని పేరు పడింది. డాక్టరు చెప్పిన బిగుతు మేజోళ్లు పొద్దున మంచం దిగకముందే తొడుక్కునేవాడు. బస్సు ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు నడిచేవాడు. రాత్రి కాళ్ల కింద దిండు పెట్టుకునేవాడు. 2012లో రిటైరయ్యాక కూడా ఈ అలవాట్లు మానలేదు.

2018లో ఆయనకు 64 ఏళ్లప్పుడు గుండెలో నొప్పి వచ్చింది. అప్పటికింకా నంద్యాల జిల్లా కాలేదు, మెడికల్ కాలేజీ రాలేదు. హైదరాబాద్ తీసుకెళ్లాం. మూడు రక్తనాళాలు పూడుకున్నాయనీ, బైపాస్ తప్పదనీ అన్నారు. ఒక నాళానికి రొమ్ము లోపలి ధమని వాడతామని, మిగతా రెంటికీ కాలి సిర కావాలని చెప్పారు. కుడికాలిలో లేదు. ఎడమది ఎలా ఉందో చూడాలి.

స్కానింగ్ గదిలో ఎడమకాలి మీద ఆ యంత్రాన్ని చీలమండ నుంచి తొడ దాకా జరుపుతుంటే నా గుండె దడదడలాడింది. మా వీధి శిల్పి రాయిని కొట్టి, చెవి ఒగ్గి, లోపల పగులుందా అని వినడం గుర్తొచ్చింది. చివరికి ఆ డాక్టరు, "బాగుందమ్మా, సరిపోతుంది" అన్నారు. నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

కాలి సిరతో ఈ బైపాస్‌ను 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనె ఫావలోరో అనే అర్జెంటీనా సర్జన్ ఒక పద్ధతిగా మొదలుపెట్టారట. ఇందులో ఒక చమత్కారం ఉంది. కవాటాలు రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి కాబట్టి సిరను తిరగేసి కుడతారు. చీలమండ వైపు కొస బృహద్ధమనికి, తొడ వైపు కొస గుండె నాళానికి. అన్నేళ్లు కాలి నుంచి రక్తాన్ని గుండె వైపు మోసిన గొట్టం, ఇప్పుడు ఆ గుండెకే రక్తం పోస్తోంది!

నాయన కోలుకున్నాడు. ఎడమ చీలమండ లోపలి పక్కన మాత్రం ఇప్పటికీ తిమ్మిరి. సిరను ఒరుసుకుని వెళ్లే అసలు నరం ఒకటుందట, సిర తీసేటప్పుడు దానికి దెబ్బ తగిలితే ఇలా ఉంటుందట. కాలి సిర గుండెలో ధమనంత కాలం మన్నదనీ, మందులు, నడక మానొద్దనీ డాక్టర్లు హెచ్చరించారు.

ఇప్పుడు నేను నంద్యాలలో టీచర్ని. నాదీ నిలబడే ఉద్యోగమే. పైగా ఈ జబ్బు వంశంలో కూడా వస్తుంది. మొన్న సంక్రాంతికి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు నా మోకాలి వెనక సన్నటి నీలి గీతలు నాయన కంట పడ్డాయి. నేను చీర దించుకోబోయాను.

"దాచుకోవద్దుమ్మా. పోయి చూపించుకో" అన్నాడు. కాసేపాగి, తన ఎడమకాలి మీది పొడుగాటి మచ్చను నిమురుకుంటూ, "నాకింక స్టెప్నీ ల్యాదు. నిదానంగా తోలుకోవల్ల. నీకు రెండున్నాయి గదా, రెండూ కాపాడుకో" అన్నాడు.

మరుసటి సోమవారమే డాక్టరుకు చూపించుకున్నాను.