ఒర ఏం చేశారండీ?

పాత రివాల్వర్లను చింతపండు పెట్టి తోమేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇత్తడి బిందెలా తళతళలాడాలని వాళ్ల తాపత్రయం. చింతపండు చాలకపోతే గరుకు కాగితం పడతారు, అదీ చాలకపోతే నికెల్ పూత వేయిస్తారు. ఈమధ్య రాజమండ్రి దానవాయిపేటలో ఒక పాత లోగిట్లో అలాంటిదే నా చేతిలో పెట్టారు. ఇంటి పెద్దాయన తాతగారి నాటిదట. గొట్టం మొదట్లో, గుళ్లు పెట్టే చక్రం పక్కన, తీగలు తీగలుగా నగిషీ. వేలితో తడిమితే ఏమీ తగలడం లేదు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంటే నీడలా కనబడింది. పిడి పక్కన, స్క్రూ తల ఆనుకుని గరుకు కాగితం దూరని మూలలో మాత్రం రెండు ఆకులు మిగిలాయి. వాటి ఈనెలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు.

"దీని ఒర ఏం చేశారండీ?" అని అడిగాను.

"ఆ బూజు పట్టిన తోలు సంచా? మొన్న అటక దులిపినప్పుడు పారేశామండి."

నికెల్ పూత కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆయుధం మీద నాకు మోజు లేదు. అది ఎంత దూరం కాలుస్తుంది, గుండు ఎంత లావు అన్న కబుర్లు వేరేవాళ్లు చెప్పుకోనీ. ఉక్కు మీద ఉలి నడిపిన చేతి కోసం, తోలు కుట్టిన చేతి కోసం నేను వీటి వెంట పడతాను. 1851 నాటి కోల్ట్ నేవీ రివాల్వర్ చక్రం చుట్టూ ఒక నౌకాయుద్ధమే ఉంటుంది. 1843 మే 16న కాంపెచే దగ్గర టెక్సస్ ఓడలు మెక్సికో ఓడలతో తలపడ్డ దృశ్యం. వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ చెక్కిన అచ్చును ఉక్కు మీద దొర్లించి ఒత్తారు కాబట్టి ప్రతి తుపాకీ మీదా అదే బొమ్మ. చేత్తో చెక్కింది అలా కాదు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన నిమ్‌ష్కే తన చెక్కడాలను కాగితం మీద అచ్చు తీసి పుస్తకంగా దాచుకున్నాడు. ఎంత మంచి పని! మన శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పిస్తోళ్లకు పులి తలలు, పులి చారలు దిద్దిన పనివాళ్లు వీళ్లెవరికీ తీసిపోరు. మనవాళ్లు హైదరాబాదు వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా బారులు తీరి కూర్చుంటారు, అక్కడి ఆయుధాల గది దగ్గర మాత్రం కాలు నిలవదు.

సరే, ఒర సంగతికి వస్తాను. రివాల్వర్లు రాకముందు రౌతు పిస్తోలు ఒర మనిషి నడుముకు కాదు, జీను ముందు జోడుగా వేలాడేది. 1758 డిసెంబరు 9న చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ దళం ఫ్రెంచివాళ్లను ఓడించి, వెంటనే మన రాజమండ్రి కోటను కూడా పట్టుకున్న రోజుల పద్ధతి అది. నడుముకు రావడం తర్వాతి మాట. సామ్ బ్రౌన్ అనే దొర 1858లో మన దేశపు సిపాయిల తిరుగుబాటు పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఒరను పట్టుకునే చేయి లేనిదే కత్తి దూయడం కష్టం. అందుకని భుజం మీదుగా ఇంకో పట్టీ వేయించి, కత్తినీ పిస్తోలునూ కదలకుండా నిలబెట్టాడు. ఇవాళ్టికీ కవాతులో పోలీసు అధికారుల ఛాతీ మీద అడ్డంగా కనిపించే పట్టీ అదే.

ఆ తోలు ఎక్కడిదంటారు? మన తోళ్లు మద్రాసులో ఓడలెక్కి లండన్ బజారుకు వెళ్లేవి. సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్క ఊట పట్టించి, కరక్కాయ నీళ్లతో పని ముగించేవారు. 1914లో మొదలైన యుద్ధంలో సైనికుల బూట్ల పైతోలుకు సర్కారు ఈ తోళ్లనే ఎగబడి కొంది. దొర నడుముకున్న తోలు పట్టీ వెనక మన ఊరి చివరి మాదిగవాడ ఉండి ఉండవచ్చు. లందలో మోకాళ్ల లోతు దిగి, ఆ వాసన ఒంటికి పట్టించుకుని, చేతులు పగిలేలా పని చేసినవాళ్లను ఊరు దూరంగా పెట్టింది. వాళ్ల పనికీ అదే గతి పట్టింది. నేనెరిగిన ఇళ్లలో దసరా ఆయుధపూజకు రివాల్వర్ పీట ఎక్కుతుంది, పసుపు కుంకుమలు అందుకుంటుంది. ఒర తోలు కదా అని దాన్ని పూజగది గుమ్మం తొక్కనివ్వరు. ఎన్నికలొస్తే రివాల్వర్‌ను స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు, ఒర చిలక్కొయ్యకే వేలాడుతుంది. తాతగారు పోయాక లైసెన్సు ఎవరి పేరున మార్చాలన్నది ఇంట్లో పెద్ద చర్చ. ఒరను ఎవరికి ఇవ్వాలని ఏ ఇంట్లోనూ చర్చ జరగలేదు. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులు కాస్తా రెండయ్యాక, ఆ మూడోదాని కోసం కంగారుపడ్డవాళ్లను చూశాను. ఒర కోసం కంగారుపడ్డవాళ్లను చూడలేదు.

ఇది నాకు సహించదు. ఇనుముకు మర్యాద, తోలుకు చీదరింపు ఏమిటి? పాత ఒర మీద గుండీ పెట్టే చోట బొటనవేలి ఒరిపిడికి నల్లబడ్డ మచ్చ ఉంటుంది. మైనం పట్టిన దారంతో వేసిన జంట కుట్టు ఉంటుంది. లోపల ఏళ్ల తరబడి కూర్చున్న రివాల్వర్ ఆకారం ముద్ర పడి ఉంటుంది. ఆ ముద్రను బట్టి ఏ రకం రివాల్వరో చెప్పవచ్చు. తాతగారి చేయి ఎటువాటమో కూడా ఒర చెబుతుంది, తుపాకీ చెప్పదు.

కాబట్టి గోదావరి జిల్లాల్లో పాత లోగిళ్లున్నవాళ్లకు నా విన్నపం ఒకటి. రివాల్వర్‌ను ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టకండి. మన వానాకాలపు చెమ్మకు తోలు నీరు పీల్చి ఉక్కుకు తుప్పు పట్టిస్తుంది, ఇత్తడి గుండీలకు పచ్చ చిలుము పడుతుంది. రెండూ విడివిడిగా మెత్తటి నూలు బట్టలో చుట్టండి. తోలుకు కొబ్బరినూనె రాయకండి, ఎండలో వేయకండి, పొడిబట్టతో తుడిస్తే చాలు. ఉక్కు మీదికి చింతపండు రానివ్వకండి. ఒర మీకు వద్దనుకుంటే గోదావరి గట్టున ఉన్న రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలో ఒకసారి అడిగి చూడండి. పాత తుపాకీ ఇవ్వాలంటే సవాలక్ష కాగితాలు కావాలి. తోలు ఒరకు ఏ లైసెన్సూ అక్కర్లేదు.