వెనక స్పీకర్లలో నాయనమ్మ

23 జనవరి 2010, శనివారం, కాకినాడ

సంక్రాంతికి ఊళ్ళో తీసిన వీడియోకి ఇవాళ డీవీడీ చేశాను. పదిన్నరకి మొదలుపెడితే డిస్కు చేతికొచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. బాబాయి వచ్చే నెల 9న మస్కట్ వెళ్తున్నాడు. ఆయన చేత అక్కకి పంపాలి. అక్క ఊరొచ్చి మూడేళ్ళయింది. మొన్న ఫోన్‌లో, “ఫోటోలు బోలెడు చూశాన్రా, నాకు మన వీధి చప్పుడు కావాలి” అంది.

ఆ చప్పుడు నా దగ్గరుంది. మా కెమెరాకి 5.1 మైకు ఉంది. అంటే ముందువైపు శబ్దమే కాదు, కెమెరా పట్టుకున్నవాడి వెనక ఏం వినపడుతోందో అదీ విడిగా రికార్డవుతుంది. హరిదాసు వీధి చివరి నుంచి వస్తుంటే నేను వీధి మధ్యలో నిలబడి ఆయనకేసి కెమెరా పెట్టాను. నా వెనక ఎడమవైపు రామాలయం. అటునుంచి గంగిరెద్దువాళ్ళ సన్నాయి. వెనక కుడివైపు మా అరుగు. దాని మీద నాయనమ్మ. ఆవిడ కెమెరా ముందుకి ఛస్తే రాదు. అందుకని పదకొండు నిమిషాల ఆ షాట్‌లో ఆవిడ రూపం ఒక్కచోటా లేదు. గొంతు మాత్రం మొదట్నుంచి చివరిదాకా ఉంది. బియ్యం పళ్ళెం తెమ్మని కోడల్ని పిలవడం, ముగ్గు తొక్కొద్దని పిల్లల్ని కేకలెయ్యడం, అన్నీ ఆ వెనక చానెళ్ళలోనే.

డిస్కు హాల్లో ప్లేయర్‌లో పెట్టాం. బొమ్మ శుభ్రంగా వచ్చింది. శబ్దం రాలేదు. ఆరు స్పీకర్లూ మూగగా ఉండిపోయాయి. హరిదాసు నోరు కదులుతోంది, చిడతలు ఆడుతున్నాయి, ఏమీ వినపడదు. అదే డిస్కు కంప్యూటర్‌లో పెడితే వీఎల్‌సీలో చక్కగా వినపడుతోంది.

24 జనవరి, ఆదివారం

పొద్దున్న ముందు తీగలు చూశాను. ప్లేయర్ నుంచి రిసీవర్‌కి ఒక్కటే కోయాక్సియల్ కేబుల్. ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. అదే మౌనం.

తర్వాత, నిన్ననే చెయ్యాల్సిన పని చేశాను. కొన్న సినిమా డీవీడీ ఒకటి పెట్టాను. రిసీవర్ ముఖం మీద డాల్బీ డిజిటల్ అక్షరాలు వెలిగాయి, వాన సీన్‌లో వెనక స్పీకర్లు గలగలమన్నాయి. అంటే కేబుల్ బాగుంది, రిసీవర్ బాగుంది, ప్లేయర్ సెటప్ బాగుంది. ఆ ఒక్క డిస్కుతో అనుమానాల జాబితాలో సగం కొట్టేశాను. తప్పు నేను చేసిన డిస్కులోనే ఉంది.

సెటప్ సంగతి కూడా రాసిపెట్టుకుంటున్నాను, ఇంకెవరింట్లోనైనా పనికొస్తుంది. ఆ కేబుల్‌లో పట్టేది రెండు చానెళ్ళ పీసీఎం, లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ లాంటివి. ఆరు చానెళ్ళ పీసీఎం అందులో పట్టదు. ప్లేయర్ సెటప్‌లో డిజిటల్ అవుట్ “పీసీఎం” మీద ఉంటే, ప్లేయరే ఆరు చానెళ్ళనీ రెండుగా కలిపేసి పంపుతుంది. అప్పుడు ముందు రెండు పలుకుతాయి, వెనకవాటికి సొంతంగా ఏమీ అందదు. “బిట్‌స్ట్రీమ్” మీద ఉండాలి. మాది అలాగే ఉంది.

26 జనవరి, మంగళవారం

సెలవు. పాపని బడిలో జెండా వందనానికి దింపి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డిస్కులోని ఆడియోని మీడియాఇన్ఫోలో తెరిచాను. ఏసీ-3, అంటే డాల్బీ డిజిటలే, ఆరు చానెళ్ళు, సెకనుకి 448 కిలోబిట్లు. అంతవరకు బాగానే ఉంది. డీవీడీలో ఏసీ-3కి అనుమతించిన గరిష్ఠం అదే. కింద శాంప్లింగ్ రేటు దగ్గర ఆగిపోయాను. 44.1 కిలోహెర్ట్జ్!

డీవీడీ వీడియోలో ఏసీ-3 శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉండాలి. 44.1 ఆడియో సీడీల లెక్క. అది ఇక్కడికెలా వచ్చిందో వెంటనే గుర్తొచ్చింది. టైటిల్స్ వెనక పెడదామని నాదస్వరం సీడీలో పాటని అన్నిటికంటే ముందు టైమ్‌లైన్ మీద పెట్టాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొదట వచ్చిన ఫైలు రేటే ప్రాజెక్టు మొత్తానికి పెట్టేసింది. ఏసీ-3 పద్ధతి 44.1ని కూడా ఒప్పుకుంటుంది కాబట్టి ఎన్‌కోడర్ అడ్డు చెప్పలేదు. డిస్కు చేసే సాఫ్ట్‌వేరూ అడ్డు చెప్పలేదు. వీఎల్‌సీ ఏది దొరికితే అది చదివి వినిపిస్తుంది. హాల్లో ఉన్న ప్లేయర్ అలా కాదు, ప్రమాణానికి సరిపడకపోతే పలకదు.

ప్రాజెక్టు 48కి మార్చి మళ్ళీ ఎక్స్‌పోర్ట్‌కి పెట్టాను. సగంలో కరెంటు పోయింది. రెండు గంటల తర్వాత వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి.

30 జనవరి, శనివారం

ఈ వారమంతా ఆఫీసు పనే. ఇవాళ కొత్త ఫైలుతో డిస్కు రాశాను. ఈసారి ఆర్‌డబ్ల్యూ డిస్కు వాడాను. పరీక్షలకి అదే నయం, తప్పయితే చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు.

శబ్దం వచ్చింది! హరిదాసు గొంతు వినగానే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. రిసీవర్ ముఖం మీద ఆరు గడులూ వెలిగాయి. కానీ వెనక స్పీకర్ల దగ్గరికెళ్ళి చెవి ఆనిస్తే ఏమీ లేదు. మధ్య స్పీకరూ మౌనమే. పలుకుతున్నది ముందు ఎడమ, ముందు కుడి, అంతే. సన్నాయి, నాయనమ్మ ఆ రెండిట్లోంచే, హరిదాసు పాట కింద నలిగిపోయి, ఎక్కడో దూరంగా వినపడుతున్నారు.

ఆరు గడులు వెలిగాయంటే ఆరు చానెళ్ళు వచ్చాయనే అర్థం, ఆరింటిలోనూ శబ్దం ఉందని కాదు. ఏసీ-3 ఫైలుని ఆడాసిటీలో తెరిస్తే సంగతి కంటికే కనపడింది. ఒకదాని కింద ఒకటి ఆరు పట్టీలు. రెండింటిలో శబ్దం కొండలూ లోయలుగా ఉంది. మిగతా నాలుగూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీతలు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కెమెరా ఫైలుని లోపలికి తీసుకునేటప్పుడే ఆరింటినీ రెండు చేసేసింది. చివర్లో నేను 5.1 అడిగాను కాబట్టి నాలుగు ఖాళీ గదులు చేర్చి ఇచ్చింది. ఒకసారి కలిపేసిన శబ్దాన్ని మళ్ళీ విడదియ్యలేం. కాబట్టి కెమెరా ఫైలు దగ్గరికే వెళ్ళాలి.

31 జనవరి, ఆదివారం

కెమెరా ఏవీసీహెచ్‌డీ ఫైళ్ళలో శబ్దం ముందే ఏసీ-3 5.1, 48 కిలోహెర్ట్జ్. పండగనాటి ఫైలు చెరపకుండా ఉంచడం ఎంత మంచిదయిందో. షాట్ ఒక్కటే, మధ్యలో కోతలు లేవు. అందువల్ల శబ్దాన్ని విడిగా తీసి బొమ్మకి అతికించడం కష్టం కాదు. టైటిల్స్ దగ్గర నాదస్వరం కలపాలి గనుక ఆరు చానెళ్ళని ఆరు వేవ్ ఫైళ్ళుగా విడగొట్టాను. ముందు రెండింటికీ నాదస్వరం కలిపి, ఆరింటినీ ఎన్‌కోడర్‌కి ఇచ్చాను.

కుదించకుండా పీసీఎంగానే పెడితే ఏమని లెక్క వేశాను. 48 వేల శాంపిళ్ళు, 16 బిట్లు, ఆరు చానెళ్ళు. సెకనుకి 4,608 కిలోబిట్లు. డీవీడీలో బొమ్మకీ శబ్దానికీ కలిపి మొత్తం పరిమితే 10.08 మెగాబిట్లు. శబ్దమే సగానికి దగ్గరగా తినేస్తే బొమ్మకేం మిగులుతుంది? పైగా మా కేబుల్‌లో అది పోదు. ఏసీ-3 అదంతా దాదాపు పదో వంతులో ఇముడుస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి డిస్కు పెట్టాను. నా వెనకనుంచి నాయనమ్మ గొంతు వచ్చింది. “ముగ్గు తొక్కకండర్రా!” ఒళ్ళు జల్లుమంది. వారం రోజుల శ్రమ ఆ ఒక్క మాటతో తీరింది. పని అయిపోయిందనుకుని పడుకున్నాను.

6 ఫిబ్రవరి, శనివారం

కంటి పరీక్షకని నాయనమ్మ నిన్న వచ్చింది. సాయంత్రం సోఫాలో కూర్చోబెట్టి డిస్కు వేశాను. ఆవిడ టీవీకేసి చూడలేదు. కళ్ళు మూసుకుని వింది. రెండు నిమిషాలయ్యాక అడిగింది.

“సన్నాయి ఏదిరా?”

“వస్తుంది నాయనమ్మా.”

“రామాలయం కాణ్ణించి ఊదుకుంటూనే ఉన్నాడుగా వాడు. అయినా నేను కూచున్నది అరుగు మీదైతే, రామాలయం వైపునించి మాట్లాడుతున్నానేంటి?”

అప్పుడు నేనూ చెవిపెట్టి విన్నాను. ఆవిడ గొంతు వెనక ఎడమ నుంచి వస్తోంది. రావాల్సింది కుడి నుంచి. వెనక కుడి స్పీకర్‌లో గుర్రుమనే అడుగు శబ్దం తప్ప ఇంకేం లేదు. హరిదాసు మధ్యలోంచి కాకుండా ముందు కుడినుంచి పాడుతున్నాడు. సన్నాయి ఎక్కడా లేదు. పోయిన ఆదివారం ఆవిడ గొంతు విన్న సంతోషంలో అది ఎటునుంచి వచ్చిందో పట్టించుకోలేదు.

రాత్రి కాగితం మీద గీసుకుంటే తెలిసింది. ఏసీ-3 లోపల చానెళ్ళ వరస: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, సబ్‌వూఫర్. వేవ్ ఫైళ్ళ వరస: ఎడమ, కుడి, మధ్య, సబ్‌వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి. విడగొట్టిన సాఫ్ట్‌వేర్ మొదటి వరసలో అంకెలు వేసింది. ఎన్‌కోడర్ వాటిని రెండో వరసగా తీసుకుంది. నాలుగో ఫైలు సన్నాయి. అది సబ్‌వూఫర్ గదిలోకి పోయింది. ఆ చానెల్ 120 హెర్ట్జ్‌కి పైనున్నదాన్ని వదిలేస్తుంది. సన్నాయి గొంతంతా పైనే కాబట్టి పూర్తిగా మాయమైంది. అయిదోది నాయనమ్మ. ఆవిడ వెనక ఎడమకి జరిగింది. ఆరోది సబ్‌వూఫర్ శబ్దం. అది వెనక కుడిలో గుర్రుమంటోంది. ఆవిడ చెప్పిన ప్రతి మాటకీ కాగితం మీద లెక్క సరిపోయింది.

7 ఫిబ్రవరి, ఆదివారం

ఈసారి ఊహ మీద నడవదలచుకోలేదు. పాప చేత అయిదు మాటలు చెప్పించి రికార్డు చేశాను. “ముందు ఎడమ”, “మధ్య”, “ముందు కుడి”, “వెనక ఎడమ”, “వెనక కుడి”. ఆరోదానికి మాట పనికిరాదు, 60 హెర్ట్జ్ మోత పెట్టాను. ఒకదాని తర్వాత ఒకటి వచ్చేట్టు, ఒక్కో మాట ఒక్కో చానెల్‌లో మాత్రమే ఉండేట్టు అమర్చి, ఎన్‌కోడ్ చేసి, అర నిమిషం డిస్కు రాశాను.

పాప హాలు మధ్యలో నిలబడింది. తన గొంతు ఎటునుంచి వస్తే అటు వేలు చూపించింది. అయిదూ సరిపోయాయి. ఆరోసారి అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి.

అదే వరసలో అసలు ఫైళ్ళు పెట్టి డిస్కు పూర్తిచేశాను. భోజనాలయ్యాక అందరం విన్నాం. హరిదాసు మధ్యలో. రామాలయం వైపు నుంచి సన్నాయి మెల్లగా దగ్గరవుతోంది. అరుగు మీంచి నాయనమ్మ. ఆవిడ ఈసారీ కళ్ళు మూసుకునే వింది. అయ్యాక, “ఇప్పుడు మన వీధిలో ఉన్నట్టుంది” అంది.

8 ఫిబ్రవరి, సోమవారం

మళ్ళీ చేసేటప్పటికి మర్చిపోకుండా రాస్తున్నాను. మొదట కొన్న సినిమా డిస్కు పెట్టి ఇంటి సామాను సంగతి తేల్చుకోవాలి. తర్వాత రేటు 48 ఉందా అని చూడాలి. తర్వాత ఆరు పట్టీలూ కళ్ళతో చూడాలి. తర్వాత పాప గొంతు డిస్కు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. కంప్యూటర్‌లో వినపడిందంటే డిస్కు బాగున్నట్టు కాదు. చూసేవాళ్ళింట్లో ఉండే లాంటి ప్లేయర్‌లోనే వినాలి. వీడియో తీసినప్పుడు అక్కడున్నవాళ్ళకి కూడా వినిపించాలి. ఏ చప్పుడు ఎటునుంచి రావాలో వాళ్ళకే తెలుసు.

ఇప్పుడు రెండు కాపీలు బాబాయికి ఇచ్చి వచ్చాను. కవరులో చీటీ పెట్టాను: “అక్కా, ప్లేయర్ సెటప్‌లో డిజిటల్ అవుట్ బిట్‌స్ట్రీమ్ మీద పెట్టు. పాప గొంతుతో ఉన్న చిన్న డిస్కు ముందు వేసి స్పీకర్లు సరిచూసుకో. తర్వాత సోఫా మధ్యలో కూర్చో. నాయనమ్మ నీ వెనక కుడివైపున ఉంటుంది.”