కోత మీద కోత

"ఇద్దరు పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకా ఆ సంచితో ఏం పని?"

స్కాన్ రిపోర్టు చూస్తూ డాక్టరమ్మ అన్న మాట ఇది. నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. గర్భసంచి గోడలో రెండు గడ్డలున్నాయి. నెలనెలా పది రోజుల రక్తస్రావం, హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయింది. క్లాసులో పాఠం చెబుతుంటే కళ్లు తిరిగేవి. నిజం చెప్పాలంటే ఆ మాటకి నాకు కోపం రాలేదు. తీసేస్తే ఈ బాధ పోతుంది కదా అని తేలికపడ్డాను. సోమవారం చేరమన్నారు. గది అద్దె, సెలవు, ఇన్సూరెన్సు అన్నీ ఐదు నిమిషాల్లో మాట్లాడుకున్నాం. నా పొత్తికడుపు మీది గీత గురించి మాత్రం ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. నా పిల్లలిద్దరూ సిజేరియన్‌తోనే పుట్టారు.

ఆ రాత్రి ఊళ్లో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆమెకీ రెండు సిజేరియన్లు. ముప్ఫై ఆరో ఏట గర్భసంచి తీసేశారు. నా సంగతి వినగానే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నీకో ముచ్చట చెప్పాలె చెల్లె. గప్పుడు అమ్మకు గూడ చెప్పలేదు," అంది.

ఆపరేషనయి ఇంటికొచ్చిన పది రోజులకి అక్కకి మూత్రం దానంతటదే కారడం మొదలైందట. కూర్చున్నా, పడుకున్నా ఆగేది కాదు. కోత మానేదాకా ఇలాగే ఉంటుందేమో అనుకుంది. పాత చీరలు చింపి బట్టలు పెట్టుకుంది. వాసన వస్తుందని పెళ్లిళ్లకి పోవడం మానేసింది. బావకి పక్క వేరే గదిలో వేసింది. నాలుగు నెలల తర్వాత పట్నంలో మరో పెద్దాసుపత్రికి వెళ్తే, మూత్రాశయానికి చిల్లు పడి యోనిలోకి దారి ఏర్పడిందని చెప్పి మళ్లీ ఆపరేషన్ చేశారు.

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఏం జెప్పాలె? మూత్రం కారుతున్నదని ఎవలికి జెప్పుకుంట?"

ఆ ఏడాది అక్క బతుకమ్మ ఆడలేదు. "పెద్దదానివైపోయావా?" అని నేనే వెక్కిరించాను. స్త్రీల కథల్లో శరీరం గురించి నేను సిద్ధాంత గ్రంథం రాస్తున్న రోజులవి. కథల్లోని మౌనాలను పేజీలకి పేజీలు వ్యాఖ్యానించాను. నా ఎదురుగా పీట మీద కూర్చోకుండా గోడకానుకుని నిలబడ్డ అక్క మౌనం మాత్రం నాకు అర్థం కాలేదు.

సోమవారం నేను ఆసుపత్రిలో చేరలేదు. మరో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు పాత ఆపరేషన్ కాగితాలు అడిగారు. తర్వాత తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గర్భసంచికి సరిగ్గా ముందు మూత్రాశయం ఉంటుంది. మామూలుగా రెండింటి మధ్యా పలచటి వదులు పొర ఉంటుంది. సిజేరియన్‌లో మూత్రాశయాన్ని కిందికి జరిపి గర్భసంచి కింది భాగాన్ని కోస్తారు. ఆ కోత మానేటప్పుడు మూత్రాశయం మచ్చకి అతుక్కుపోవచ్చు. తర్వాతెప్పుడో గర్భసంచి తీయాల్సి వస్తే, ఆ అతుకుని విడదీయాలి. మూత్రాశయం తెగే ప్రమాదం అక్కడే. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుంది. తెగినట్టు ఆపరేషన్ బల్ల మీదే గమనించి కుట్టేస్తే, కొన్నాళ్లు గొట్టం ఉంచితే సాధారణంగా మానిపోతుంది. గమనించకపోతేనే అక్కకి జరిగినట్టు జరుగుతుంది.

డెన్మార్క్‌లో 1996-2012 మధ్య గర్భసంచి తీసిన 7,685 మంది స్త్రీల వివరాలతో చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. అంతకుముందు సిజేరియన్ అయినవాళ్లకి నెలలోపు మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవకాశం దాదాపు మూడోవంతు ఎక్కువని తేలింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ సిజేరియన్లు అయినవాళ్లకి రక్తం ఎక్కించాల్సిన అవకాశం దాదాపు రెట్టింపు. చాలామందికి ఏ ఇబ్బందీ రాదన్నదీ నిజమే. కానీ ఇది డెన్మార్క్ కంటే మనకి ఎక్కువ పట్టాల్సిన విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశం మొత్తం మీద 21.5 శాతం. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ రెండు లెక్కలనీ విడివిడిగా చర్చిస్తాం. అవి రెండూ కలిసేది ఒకే ఆడదాని పొత్తికడుపులో.

భాష చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట దగ్గర ఆగిపోయాను. సిజేరియన్ గురించి "బిడ్డని తీశారు" అంటాం. గర్భసంచి గురించి మాత్రం "తీయించుకున్నాను" అంటాం. ఒక్క ప్రత్యయంతో కర్త మారిపోతుంది. నిర్ణయం మనదైపోతుంది, దాంతో పాటు తర్వాత వచ్చే బాధకి బాధ్యతా మనదే అవుతుంది. ప్రమాదమేమిటో, మరో దారి ఉందో లేదో చెప్పకుండా తీసుకున్న సంతకం ఎవరి నిర్ణయం? అనవసరంగా గర్భసంచులు తీసేసిన ఉదంతాలపై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వాటిని అరికట్టడానికి కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో చేపట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. అయితే అవసరమైన ఆపరేషన్లోనూ పాత కోత గురించి అడగడం, చెప్పడం ఆ గదిలోనే, ఆ ఐదు నిమిషాల్లోనే జరగాలి.

గర్భసంచి తీయడమే తప్పని నేననను. అది ప్రాణం నిలిపే సందర్భాలున్నాయి. నా గడ్డలు సంచి లోపలి పొరని నొక్కడం లేదు కాబట్టి ముందు ఐరన్ ఎక్కించి, హార్మోన్ విడుదల చేసే సాధనం లోపల అమర్చారు. ఏడాదైంది. రక్తస్రావం బాగా తగ్గింది. గడ్డలు అలాగే ఉన్నాయి. రేపు ఆపరేషన్ తప్పకపోవచ్చు కూడా.

ఇదంతా రాస్తానంటే అక్క రెండు రోజులు ఆలోచించింది. "ఊరి పేరు రాయకు. ముచ్చట రాయి," అంది. ఆమె సిజేరియన్ కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. నావి బీరువాలో వెతికితే డాక్టరేట్ పట్టా పెట్టుకున్న ఫైల్లోనే దొరికాయి. పట్టాని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఆ కాగితాలని మాత్రం రెండు నకళ్లు తీయించి, ఒకటి చేతి సంచిలో పెట్టుకున్నాను.